యోరున్ బొటనవేలు

“ఏమే పిల్లా, నీ నోట్లో ఏమన్నా చచ్చిందా?”

అడిగింది పెట్రిక్కె. తొంభై ఒక్కేళ్ళ మనిషి, మా దీవి వృద్ధాశ్రమంలో ఏడో నంబరు గది. అడిగించుకున్నది యోరున్ హామ్నెస్, యాభై ఎనిమిదేళ్ళ ఆరోగ్య సహాయకురాలు. ఆ సమయానికి యోరున్ మంచం మీదికి వంగి, గాజుగుడ్డ చుట్టిన వేలితో ముసలామె చిగుళ్ళు తుడుస్తోంది. ఒకరి నోరు కడిగే ఉద్యోగంలో ఉన్న తిరకాసే అది. వాళ్ళ నోరు నీ ముక్కుకి ఎంత దగ్గరో, నీ నోరు వాళ్ళ ముక్కుకీ అంతే దగ్గర.

“చచ్చింది నీ ముక్కే అనుకున్నాను. తొంభై దాటితే వాసనలు తెలియవంటారు కదా,” అంది యోరున్.

“నాకు తెలుస్తాయి. కర్పూరం బిళ్ళ చప్పరించి వచ్చావు. ఆ కర్పూరం అడుగున ఇంకోటుంది. మా నాన్న ఎర డబ్బా ఆదివారమంతా మూతపెట్టి ఉంచి సోమవారం తీస్తే ఇదే కంపు.”

“నోరు తెరు. ఇంకో పక్క తుడవాలి.”

“ముందు నువ్వు మూసుకో.”

గుమ్మంలో యిల్వా నిలబడి ఉంది. జిల్లా దంతశాఖలో పళ్ళ శుభ్రత చూసే ఉద్యోగిని, ఏడాదికోసారి ఫెర్రీ ఎక్కి మా స్కార్వోయ్ దీవికి వచ్చే మనిషి. ఆమె అంతా విన్నది. విననట్టు చేతిలో కాగితాలు తిరగేసింది. నిజంగానే విని ఉండకపోతే యోరున్ ఇంకో పదేళ్ళు చేతితో నోరు కప్పుకుని నవ్వుకుంటూ హాయిగా గడిపేసేది.

పెట్రిక్కె నోట్లో ఒక్క పన్నూ లేదు. 1939 వేసవిలో తండ్రి ఆమెను పడవ ఎక్కించి పట్నం తీసుకెళ్ళి, ఉన్న ఇరవై ఆరూ ఒక్కరోజులో పీకించాడు. వాటిలో పుచ్చినవి నాలుగైతే ఎక్కువ. పుళ్ళు మానాక, ఆ శరత్తులో పిల్లను చర్చిలో విశ్వాసం ఒప్పజెప్పించి పెద్దవాళ్ళ లెక్కలో చేర్చే రోజుకి కట్టుడు పళ్ళ సెట్టు వచ్చింది. బహుమానం అదే. రేపు చేసుకోబోయేవాడికి పళ్ళ ఖర్చు ఉండదని తండ్రి లెక్క. ఇప్పటివాళ్ళు వింటే గుండెల మీద చెయ్యి వేసుకుంటారు. ఆనాడు మా దీవుల్లో దాన్ని ముందుచూపు అన్నారు. పెట్రిక్కె కూడా ఏనాడూ ఏడవలేదు. “నా పళ్ళు నన్నెప్పుడూ బాధపెట్టలేదు. ఆ ఆలోచన వచ్చేలోపే వాటిని పంపించేశారు,” అనేది.

యోరున్ తరువాతి తరం మనిషి. పళ్ళు పీకకూడదు, కాపాడాలి అని సర్కారు నిశ్చయించుకున్న కాలం. కాపాడే పని బడి పళ్ళ డాక్టరుది. ఏడాదికి రెండుసార్లు పిల్లల్ని వరసగా బెంచీ మీద కూర్చోబెట్టి, మత్తు సూది అన్న మాట లేకుండా పళ్ళు తొలిచే మర తిప్పి, కనిపించిన ప్రతి మచ్చనూ తవ్వి వెండి సిమెంటు కూరేవాడు. లోపల అరుస్తున్నది ఎవరో బయట బెంచీ మీదివాళ్ళు గొంతు బట్టి చెప్పేసేవాళ్ళు. పదమూడేళ్ళకి యోరున్ నోట్లో పద్నాలుగు సిమెంట్లు. పద్దెనిమిది దాటిన రోజునే సర్కారు ఆ నోటితో తన సంబంధం తెంచుకుంది. మా దేశంలో గుండె పాడైతే, మోకాలు అరిగితే ప్రభుత్వం చూసుకుంటుంది. పెద్దవాళ్ళ నోరు మాత్రం ఒంట్లో భాగం కాదు. అది సొంత ఆస్తి, మరమ్మతు సొంత ఖర్చు. మళ్ళీ ఆశ్రమంలో చేరి మూడు నెలలు గడిస్తే గానీ ఆ నోరు ఒంట్లో కలవదు.

అంటే, యోరున్ రోజూ ఎవరి పళ్ళు తోమేదో వాళ్ళందరికీ పళ్ళ వైద్యం ఉచితం. తోమే మనిషికి కాదు.

ఆశ్రమంలో ఆమెకో హోదా ఉండేది, పళ్ళ బాధ్యురాలు అని. జీతంలో పైసా తేడా లేదు. బుధవారం మధ్యాహ్నం రెండు గంటలు మనుషుల్ని ఎత్తే పని తప్పి, గదిగదికీ తిరిగి నోళ్ళు చూసే అధికారం, అంతే. ప్రతి స్నానాలగదిలో అద్దం పక్కన ఒక కార్డు ఉంటుంది. ఆ గది మనిషికి సొంత పళ్ళెన్ని, కట్టుడువెన్ని, ఏ బ్రష్ వాడాలి, ఏ పేస్టు, అన్నీ అందులో రాసి ఉంటాయి. కింద గళ్ళు, పొద్దున ఒక టిక్కు, సాయంత్రం ఒక టిక్కు. యోరున్ ఆ టిక్కుల వంక చూసేది కాదు. బ్రష్ తీసి కుచ్చు మీద కుడిచేతి బొటనవేలు ఆనించేది. తడిగా ఉంటే తోమినట్టు. పొడిగా ఉంటే టిక్కు పెట్టినవాళ్ళు అబద్ధమాడినట్టు.

“రైదున్, ఐదో గది పొడి.”

“నిన్న తోమానే తల్లీ.”

“కార్డు ఇవాళ పొద్దున అంటోంది.”

“ఎనిమిది మందికి ఇద్దరం. ఏది ముందు చెయ్యను? పక్క తడిపిన వాడిని మార్చనా, పక్కవాడి దంతాలు మెరిపించనా?”

“చెయ్యకపోతే మానెయ్యి. టిక్కెందుకు పెట్టావు?”

“పళ్ళ పోలీసు వస్తుందని.”

తోటి సహాయకురాలు రైదున్ చెడ్డ మనిషి కాదు, ఆమె అడిగిన దానిలో న్యాయమూ ఉంది. ఒక నోరు సరిగ్గా కడగాలంటే ఆరు నిమిషాలు పడుతుంది, టిక్కుకి ఒక్క క్షణం. యోరున్ మాత్రం దేవతా? చుట్ట చుట్టుకుని పొగాకు తాగేది, కాఫీలో మూడు చెంచాల చక్కెర. ముసలివాళ్ళకి బంధువులు తెచ్చే చాక్లెట్లు లాక్కుని, పళ్ళకి చెడుపని ఉపన్యాసమిచ్చి, తానే తినేసేది. కానీ పెట్రిక్కె ఇంకెవరికీ నోరు తెరిచేది కాదు. పెదాలు బిగించి, గోడవైపు తిరిగేది. యోరున్ వచ్చి మంచం కోడు తన్ని, “దొంగ మేకా, తెరు,” అంటే తెరిచేది.

ఏడో గది గుమ్మంలో విన్నది మనసులో పెట్టుకునే కాబోలు, యిల్వా ఆ ఏడాది సంచీలోంచి ఒక కొత్త కాగితం తీసి పంచింది. ఆరోగ్య సిబ్బందికి నోటి శుభ్రత మీద ఉన్న జ్ఞానమెంత, అలవాట్లేమిటి అన్న సర్వే. పళ్ళు పాడయ్యేది తెలియకపోవడం వల్లేననీ, తెలియజెప్పేస్తే బాగుపడతాయనీ ఆఫీసుల్లో కూర్చునేవాళ్ళకి ఒక నమ్మకం. కాగితం మీద పేరు రాయక్కర్లేదు. వయసు, ఆడా మగా, చేసేది పూర్తి ఉద్యోగమా, దానిలో ఎంత శాతమా, ఇవి రాస్తే చాలు. మా ఆశ్రమంలో సిబ్బంది పదకొండు మంది.

ఇంకెక్కడైనా అయితే జనం నవ్వుకుని తోచింది గీకేసేవాళ్ళు. మాకు సర్కారు కాగితాన్ని నమ్మడం ఒక జబ్బు. పేరు అక్కర్లేదు అంటే పేరు తెలియదనే అనుకుంటాం. అయినా పదిమంది కొంచెం జాగ్రత్తపడ్డారు. రోజుకి రెండుసార్లు తోముతాం, దారంతో సందులు శుభ్రం చేస్తాం, ఏటా డాక్టరుకి చూపిస్తాం అని రాశారు. దారం డబ్బా కొని మూత తియ్యనివాళ్ళు వాళ్ళలో ఎంతమందో నాకు తెలుసు, అందరం ఒకే దీవివాళ్ళం. యోరున్ ఒక్కతే నిజం రాసింది. జ్ఞానం ప్రశ్నలు ఇరవై, ఇరవైకి ఇరవై. అలవాట్ల దగ్గర, రోజుకి రెండుసార్లు తోముతాను. పళ్ళ డాక్టరును చివరిసారి చూసింది 1997లో. కారణం, డబ్బు. రెండో కారణం, భయం. ప్రస్తుతం నొప్పి ఉందా? కింద, ఎడమవైపు, అలవాటైపోయింది.

మార్చిలో, ఏడాది కాకుండానే, యిల్వా మళ్ళీ వచ్చింది, ఫలితాలతో. సిబ్బంది గదిలో వాఫిల్ అట్లు, గోధుమరంగు జున్ను, కాఫీ. గోడ మీద రంగురంగుల స్తంభాలు వేసి చూపించింది. మన ఆశ్రమం జ్ఞానంలో జిల్లాలోనే ముందుందని చప్పట్లు కొట్టించింది. తరువాతి బొమ్మ అలవాట్లది. పది స్తంభాలు పొడుగ్గా ఉన్నాయి, ఒకటి పొట్టిగా. దాని కింద అక్షరాలు: స్త్రీ, 55–60 ఏళ్ళు, 75 శాతం ఉద్యోగం, చివరి పరీక్ష 19 ఏళ్ళ క్రితం.

ఆ వయసులో, ఆ శాతంలో మా దగ్గర ఉన్నది ఒక్కతే. గదిలో ఎవరూ ఆమె వంక చూడలేదు. అంతమంది కలిసి ఒక మనిషి వంక చూడకుండా ఉండటం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

“ఇది ఎవరినీ ఉద్దేశించి కాదు,” అంది మేనేజరు గున్‌వోర్.

“నన్నే కదా,” అంది యోరున్. “ఆ స్తంభానికి నా మెడ స్కార్ఫు ఒక్కటి చుట్టలేదు, అంతే తేడా.”

రైదున్ ఫక్కున నవ్వి, వెంటనే వాఫిల్ నోట్లో కుక్కుకుంది.

వారం తిరక్కుండా గున్‌వోర్ ఆమెను గదిలోకి పిలిచింది. ఏం జరిగిందో యోరున్ ఆ సాయంత్రమే మా ఇంటి వంటగదిలో కూర్చుని ఇద్దరి గొంతులతోనూ చెప్పింది. మాది పక్కిల్లే.

“పళ్ళ బాధ్యత రైదున్‌కి ఇద్దామనుకుంటున్నాను. నీకు కాస్త తేలికగా ఉంటుందని.”

“నాకు బరువని ఎవరు చెప్పారు?”

“ముసలివాళ్ళ బంధువులు వస్తారు, పళ్ళ గురించి నువ్వు మాట్లాడతావు. వాళ్ళు నీ నోటి వంకే చూస్తారు కదా, యోరున్. మనం ఆదర్శంగా ఉండాలి.”

“నేను రాసిన ఇరవై జవాబుల్లో తప్పేదన్నా ఉందా?”

“లేదు. అదే ఇంకా బాధగా ఉంది. అన్నీ తెలిసి కూడా...”

అన్నీ తెలిసి కూడా. ఆ మాట యోరున్ రెండుసార్లు చెప్పింది. ఇంటి అప్పు ఒక్క జీతం మీద, ఆ జీతమేమో ముప్పాతిక. పూర్తి ఉద్యోగం ఇవ్వమని తొమ్మిదేళ్ళుగా అర్జీలు పెడుతూనే ఉంది. పెట్టిన అర్జీలన్నీ ఇదే గున్‌వోర్ బీరువాలో ఉన్నాయి. ఆమెకు కూడా అన్నీ తెలుసు.

“పళ్ళు బాగుచేయించుకుంటే నా పని నాకిస్తావా?” అని అడిగిందట యోరున్.

“అప్పుడు చూద్దాం,” అందట గున్‌వోర్.

మా భాషలో “అప్పుడు చూద్దాం” అంటే కుదరదని అర్థం. యాభై ఎనిమిదేళ్ళు ఈ దీవిలో బతికిన మనిషికి ఆ సంగతి తెలియదా? కానీ కావాలనుకున్నప్పుడు మనిషికి తెలిసినవి కూడా తెలియకుండా పోతాయి.

పట్నంలో పళ్ళ డాక్టరు నోరు తెరిపించి ఒక్కో పన్నూ తట్టి చూశాడట. తరువాత, “నొప్పి ఎన్నాళ్ళ నుంచి?” అన్నాడు.

“దానంతటదే పోతుందేమోనని చూస్తున్నాను. తేదీ రాసుకోలేదు,” అంది.

ఎడమవైపు కింద రెండు పీకెయ్యాలి, అటూ ఇటూ ఉన్న రెండిటికీ రూట్ కెనాల్ చెయ్యాలి, ఆ రెండిటి మీద నాలుగు పళ్ళ బ్రిడ్జి కట్టాలి. ముప్ఫై నాలుగు వేల క్రోనర్లు. ఊరికే పీకించేస్తే నాలుగు వేలతో పోతుంది.

“పీకించెయ్యరాదూ?” అన్నాను నేను. “ఎవరు చూడొచ్చారు, లోపలి పళ్ళే కదా.”

“పెట్రిక్కె వాళ్ళ నాన్న కూడా అలాగే లెక్క వేశాడు,” అంది.

డబ్బు దొరికే దారి డాక్టరు బల్ల మీదే ఉంది, ఒక అప్పుల కంపెనీ కాగితం. నెలకి ఎనిమిది వందల తొంభై, నలభై ఎనిమిది నెలలు. వడ్డీ ఎంతో వెనకవైపు చిన్నక్షరాల్లో ఉంది. సంతకం పెట్టి వచ్చింది. వేసవిలో సగం సెలవు ఆ కుర్చీలోనే గడిచింది. సూది వేసినా కుర్చీ చేతుల మీద గోళ్ళు దిగబడేవట. అక్టోబరు మొదటి వారంలో మొదటి వాయిదా కట్టి, అదే రోజు చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వుతూ ఏడో గదిలోకి వెళ్ళింది.

పెట్రిక్కె కళ్ళు చికిలించి చూసింది. “ఎవరు పోయారే?”

“ఎవరూ పోలేదు.”

“మరి ఎవరి పళ్ళు పెట్టుకొచ్చావు?”

“నావే. కొనుక్కున్నాను.”

“ఎంతకి?”

చెప్పింది. ముసలామె కాసేపు పెదాలు చప్పరించింది. “మా నాన్న ఆ డబ్బుకి ఇంజను పడవ కొనేవాడు. సరేలే, ఏదీ, ఊదు.” యోరున్ ఊదింది. “ఆ. కాఫీ. పొగాకు. శవం లేదు.”

ఆ మెప్పు ఒక్కటే దక్కింది. రైదున్ ఈలోగా జిల్లా వాళ్ళ రెండు రోజుల శిక్షణకి వెళ్ళి వచ్చింది కాబట్టి, ఆ ఖర్చు వృథా చెయ్యకూడదు కాబట్టి, పళ్ళ బాధ్యత ఆమె దగ్గరే ఉంటుందని గున్‌వోర్ చెప్పింది. “పళ్ళు మాత్రం చాలా బాగున్నాయి, యోరున్,” అని కూడా అంది.

బొటనవేలికి మాత్రం శిక్షణ అక్కర్లేదు కదా. యోరున్ అడగకుండానే బ్రష్షులు ముట్టుకుని చూడడం మానలేదు. చూసి ఊరుకోకుండా రిపోర్టు పుస్తకంలో రాయడం మొదలుపెట్టింది. రెండో గది, పొడి. ఐదో గది, పొడి. ఏడో గది, కట్టుడు పళ్ళు మూడు రోజులుగా నోట్లోంచి తియ్యలేదు. సిబ్బంది గదిలో ఆమె వస్తే మాటలు ఆగిపోయేవి. ఎవరో ఆమె అల్మరా తలుపుకి ఒక బ్రష్ వేలాడదీశారు, సుబ్బరంగా తడిపి. చివరికి గున్‌వోర్ పిలిచి, తోటివాళ్ళ మీద నమ్మకం ఉంచడం కూడా ఉద్యోగంలో భాగమని చెప్పి, ఆ మాటే కాగితం మీద రాసి ఇచ్చింది. హెచ్చరిక అన్న పదం వాడలేదు. ఆమెను ఏడో గది వైపు నుంచి మార్చి, అవతలి వరండాకి వేసింది.

తరువాతి ఏడాది చలికాలంలో పెట్రిక్కె తిండి మానేసింది. వయసని అనుకున్నారు. ఉడికించిన కాడ్ చేప ముక్క పెడితే దవడలో దాచుకుని ఉమ్మేసేది. యోరున్ ఒకరోజు దొంగతనంగా వెళ్ళి, మంచం కోడు తన్ని, నోరు తెరిపించింది. కింది సెట్టు అడుగున చిగురు మీద బఠానీ గింజంత పుండు, దాని చుట్టూ తెల్లటి పూత. అద్దం పక్కన కార్డు మీద నెలాఖరు దాకా టిక్కులున్నాయి. ఆ రోజు తేదీ ఇరవై రెండు.

డాక్టరు వచ్చాడు, మందు రాశాడు. అప్పటికే ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. వారానికి పెట్రిక్కె పోయింది. మరణ పత్రంలో నిమోనియా అని రాశారు. అబద్ధమేం కాదు, నోట్లోని మురికి ఊపిరితిత్తుల్లోకి దిగితే వచ్చేదీ అదే. చుట్టాలు ఫెర్రీ దిగేలోపు యోరున్ ఆ కట్టుడు పళ్ళు సబ్బుతో తోమి, కడిగి, ముసలామె నోట్లో అమర్చింది. ఆ రోజు ఆమె డ్యూటీలో లేదు.

ఇది జరిగిన పదకొండు నెలలకి, 2018 నవంబరులో, ఆశ్రమం బట్టల గదిలో దుప్పట్లు మడుస్తూ యోరున్ కూలిపోయింది. పక్షవాతం. కుడిచెయ్యి, కుడికాలు, మాట. పట్నం ఆస్పత్రిలో కొన్ని వారాలు ఉంచి, ఇంట్లో ఒంటరిగా బతకలేదని తేల్చి, ఉన్న ఒకే ఒక్క ఖాళీలోకి పంపారు. ఏడో గది. ఆమెకు అరవై ఒక్కేళ్ళు. మా ఆశ్రమంలో అంత చిన్నవయసు మనిషి అంతకుముందు లేదు.

మాటల్లో రెండు మిగిలాయి. ఒకటి “అవును.” రెండోది జాలరులు వల తెగినప్పుడు వాడే తిట్టు, అచ్చులో వెయ్యదగ్గది కాదు.

మూడు నెలలు గడిచాయి. చట్టం ప్రకారం ఆమె నోరు తిరిగి ఒంట్లో కలిసింది. యిల్వా అదే సంచీతో వచ్చి పరీక్షించింది. బ్రిడ్జి కింద సందులో ప్రత్యేకమైన దారం దూర్చి రోజూ శుభ్రం చెయ్యాలి, లేకపోతే కింద చీము పడుతుంది. ఆ సంగతి కార్డు మీద రాసి ఉంది, టిక్కులూ ఉన్నాయి. దారం డబ్బా సీలు మాత్రం తీసి లేదు. అప్పటికే చీము పట్టడంతో, మార్చిలో జిల్లా దంతశాఖ డాక్టరు బ్రిడ్జిని, దాన్ని మోస్తున్న రెండు పళ్ళనీ తీసేశాడు. ఈసారి ఒక్క క్రోనరు కూడా అడగలేదు.

ఆ తరువాతి బుధవారం నేను చూడటానికి వెళ్ళాను. ఎడమ బుగ్గ లోపలికి పోయి ఉంది. రైదున్ కాఫీ తెచ్చి పెట్టి, “బాగా తింటోంది, మనం చూసుకుంటున్నాం,” అని యోరున్ జుట్టు సవరించి వెళ్ళింది. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి, నటన కాదు. నేను చేతులు కడుక్కోవడానికి స్నానాలగదిలోకి వెళ్ళాను. కార్డు మీద పొద్దుటి టిక్కు ఉంది. బ్రష్ తీసి బొటనవేలు ఆనించాను. తీసుకొచ్చి ఆమె ఎడమచేతికి అందించాను. ఆమె బొటనవేలితో కుచ్చు నెమ్మదిగా రాసి చూసింది.

“పొడేనా?” అన్నాను.

“అవును,” అంది. తరువాత రెండో మాట కూడా అంది, స్పష్టంగా, తలుపు తీసి ఉన్న వరండా దాకా వినిపించేలా.

అప్పుల కంపెనీ వాళ్ళ సంతకం లేకుండా ఆగిపోవడానికి వీల్లేనిది ఆమె పళ్ళ వాయిదా. నెలనెలా ఒకటో తారీకున బ్యాంకులోంచి దానంతటదే వెళ్తుంది. పీకేసిన ఆ బ్రిడ్జి మీద ఇంకా పద్దెనిమిది వాయిదాలు, పదహారు వేల ఇరవై క్రోనర్లు, బాకీ ఉంది.